ఇంటికి రెండవ వాకిలి

రాత్రి భోజనములు ముగిసి దీపములు ఆర్పుటకు ముందు ప్రతి గృహస్థుడును చేయు పని యొకటి కలదు. వీధి తలుపు మూసి గడియ వేయును. పెరటి తలుపు మూసినదో లేదో యొకమాఱు చేతితో తడిమి చూచును. అటుపిమ్మటనే పడకకు చేరును. పల్లెలోనైనను పట్టణములోనైనను ఇది తరతరములుగా వచ్చుచున్న అలవాటు. తలుపు తెఱచియుంచి నిద్రించిన యింట దొంగలు పడినచో ఇరుగుపొరుగువారు దొంగను నిందించి ఊరకుండరు. ఇంటి యజమానిని కూడ మందలింతురు.

నేడు అనేక గృహములకు రెండవ వాకిలి యొకటి ఏర్పడినది. అది కఱ్ఱతో చేసినది కాదు. దానికి ద్వారబంధము లేదు, గడపయు లేదు. గోడకు మేకుతో తగిలించియో, టీవీ ప్రక్కన బల్లమీదనో ఒక చిన్న పెట్టె యుండును. దానిపై ఆకుపచ్చని దీపములు మిణుకుమిణుకుమనుచుండును. కొన్నింటికి కొమ్ములవలె యాంటెన్నాలు నిలిచియుండును. దానిని రౌటరు అందురు. ఇంటిలో పలువురు దానిని వైఫై డబ్బాయని పిలుతురు. పగలును రాత్రియు తెఱచియే యుండు ఈ వాకిలిగుండ లోకమంతయు ఆ యింటిలోనికి వచ్చుచు పోవుచుండును. ఈ వాకిలికి తాళము కలదనియు, దానికి తాళపుచెవులు రెండనియు, వానిలో రెండవది తమ చేతిలో లేదనియు ఎఱిగిన గృహస్థులు అరుదు. ఆ రెండవ తాళపుచెవి యెట్టిదో, దానిని ఇంటివారు తమ వశము చేసికొనుట యెట్లో తెలిసికొనుట అవసరము.

మొదట ఈ పెట్టె చేయు పనిని చూతము. వీధిలోని స్తంభమునుండి సన్నని తీగ యొకటి ఇంటిలోనికి వచ్చును. పై తొడుగును తీసి చూచినచో లోపల తలవెండ్రుకంత సన్నని గాజుపోగు కనబడును. ఇదియే ఆప్టికల్ ఫైబరు. దీనిలో ప్రవహించునది విద్యుత్తు కాదు, కాంతి. సెకనుకు కోట్లకొలది పర్యాయములు వెలిగి ఆఱు ఆ కాంతియే ఉత్తరములను, బొమ్మలను, మాటలను, పాటలను మోసికొని వచ్చును. ఇంటికి చేరిన పిమ్మట ఆ కాంతి విద్యుత్సంకేతములుగా మాఱును. ఆ సంకేతములను రౌటరు రేడియో తరంగములుగా మార్చి గదులన్నిటను వెదజల్లును. ఒక యింటిలో తండ్రిగారి ఫోను, తల్లిగారి ఫోను, పిల్లల కంప్యూటరు, టీవీ, వాకిటనుంచిన కెమేరా ఉన్నవనుకొందము. వచ్చిన తీగ ఒక్కటే. కాని అడుగువారు అయిదుగురు. ఎవరడిగినది వారికే చేర్చుట రౌటరుయొక్క విధి.

ఇది యెట్లు సాధ్యమగునో ఒక పోలికవలన తెలియును. పట్టణములో ఒక విద్యార్థి వసతిగృహము కలదనుకొందము. పోస్టుమానునకు ఆ వసతిగృహపు చిరునామా మాత్రమే తెలియును. లోపలి గదుల సంగతి తెలియదు. ద్వారమువద్ద ఒక కావలివాడు కూర్చుండియుండును. విద్యార్థులు వ్రాసిన ఉత్తరములన్నియు అతని చేతిమీదుగనే పోవలెను. ఏ గదివారు ఎవరికి వ్రాసిరో అతడు తన పుస్తకములో గుర్తు వేసికొనును. బదులు వచ్చినప్పుడు పుస్తకము చూచి ఆ గదికే అందించును. ఎవరును వ్రాయని తావునుండి, ఎవరికో తెలియని ఉత్తరము వచ్చినచో దానిని లోనికి పోనీయడు. రౌటరు అట్టి కావలివాడు.

ఈ యేర్పాటు చిరునామాల కఱవువలన పుట్టినది. ఇంటర్నెట్టుతో సంబంధము గల ప్రతి యంత్రమునకును ఐ.పి. అడ్రసు అను సంఖ్య యుండవలెను. మొదటినుండి వాడుకలోనున్న పద్ధతిలో ఈ సంఖ్యకు 32 స్థానములు మాత్రమే కలవు. ప్రతి స్థానమునను సున్నయో ఒకటియో యుండును. గణితము చేసి చూచినచో అట్టి సంఖ్యలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. నేటి ప్రపంచ జనాభా 800 కోట్లకు మించినది. ఒక్కొక్కరికి రెండుమూడు యంత్రములు కూడ కలవు. ఈ యిబ్బందిని ముందుగనే గ్రహించిన నిపుణులు ఒక్క చిరునామాను పెక్కు యంత్రములు పంచుకొను పద్ధతిని 1994లో ప్రకటించిరి. ఇండ్లలోను కార్యాలయములలోను లోపలివారు మాత్రమే వాడుకొనుటకు కొన్ని సంఖ్యలను ప్రత్యేకించిరి. 192.168 అను అంకెలతో ప్రారంభమగు 65,536 చిరునామాలు అందులోనివి. ప్రతి వసతిగృహములోను ఒకటవ నంబరు గది యుండునట్లే, లెక్కలేనన్ని యిండ్లలో 192.168.1.1 అను చిరునామా యుండును. అది తఱచుగా రౌటరుదే యగును. కఱవును పూర్తిగా తీర్చుటకు 128 స్థానములు గల క్రొత్త పద్ధతి కూడ వచ్చినది. అయినను ఇండ్లలో పాత పద్ధతి యింకను సాగుచునే యున్నది.

కావలివాడు లొంగినచో వసతిగృహమంతయు లొంగినట్లే గదా! కావున అతనిపై అధికారము ఎవరిదను ప్రశ్న ముఖ్యమైనది. ఇచ్చట రెండు తాళపుచెవుల సంగతి వచ్చును.

మొదటి తాళపుచెవి వైఫై పాస్‌వర్డు. ఇది ఎల్లరు ఎఱిగినదే. చుట్టములు వచ్చినప్పుడు మంచినీళ్ళు త్రాగిన వెంటనే అడుగునది ఇదియే. ఇది గలవారు ఇంటిలోనికి వచ్చి కూర్చుండగలరు, ఇంటర్నెట్టును వాడుకొనగలరు. రెండవ తాళపుచెవి రౌటరును శాసించు పాస్‌వర్డు. దీనిని అడ్మిన్ పాస్‌వర్డు అందురు. ఇది గలవారు తాళములనే మార్చగలరు. లోపల నెవరెవరున్నారో చూడగలరు. ఉత్తరములను దారి మళ్ళించగలరు. ఇంటివారినే బయటకు నెట్టి తలుపు వేయగలరు. మొదటిది అతిథికి చాలును. రెండవది యజమానికే చెందవలెను. కాని లోకములో జరుగుచున్నది వేఱు. మొదటిదానిని జాగ్రత్తగా దాచుకొనువారు సైతము రెండవదానిని అమ్మకపుదారు పెట్టినది పెట్టినట్లే వదలుదురు.

మొదటి తాళపుచెవిని అలక్ష్యము చేసిన ఏమగునో మన దేశములో జరిగిన యొక సంఘటన తెలుపును. 2008వ సంవత్సరము జూలై 26వ తేదీ సాయంకాలము అహమ్మదాబాదు నగరములో వరుసగా బాంబులు ప్రేలి 50 మందికి పైగా మరణించిరి. ప్రేలుళ్ళకు కొద్ది నిమిషములు ముందుగా వార్తాసంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిలు చేరెను. పోలీసులు దాని జాడ తీయగా, అది నవీ ముంబైలోని ఒక నివాసమునకు చెందిన ఐ.పి. అడ్రసునుండి వచ్చినట్లు తేలెను. ఆ యింటివారిని ప్రశ్నించిరి. వారి కంప్యూటర్లను పరీక్షించిరి. చివరకు తెలిసినదేమనగా, బయటివారెవరో ఆ యింటి వైఫైలో దూరి ఆ ఈమెయిలు పంపిరి. ఇంటివారికి ఆ ఘోరముతో ఏ సంబంధమును లేదు. కాని పోస్టుమానునకు తెలిసినది వసతిగృహపు చిరునామాయే గదా! లోపల కూర్చుండి వ్రాసినవాడు ఎవడైనను, మొదట తట్టబడునది ఇంటి యజమాని తలుపే.

రెండవ తాళపుచెవి కథ 2016వ సంవత్సరమునాటిది. ఆ యేడు మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్టులో వ్యాపించెను. జపాను భాషలో ఈ మాటకు భవిష్యత్తు అని అర్థము. దాని యుపాయము మిక్కిలి సులభమైనది. ఇండ్లలోను దుకాణములలోను ఉన్న కెమేరాలు, రికార్డర్లు, రౌటర్లు మున్నగువానిని వెదకి, బయటినుండి తలుపు తట్టుటకు వీలున్న ప్రతిదానివద్దను కర్మాగారములలో పెట్టు పేరును పాస్‌వర్డును చెప్పి చూచును. అది వెంటబెట్టుకొని తిరిగిన జంటలు సుమారు 60 మాత్రమే. అడ్మిన్ అను పేరు, అడ్మిన్ అను పాస్‌వర్డు, లేదా 1 2 3 4 అను అంకెలు, ఇట్టివే అన్నియు. ఇంత స్వల్పమైన జాబితాతో అది లక్షలకొలది యంత్రములను వశపఱచుకొనెను. ఆ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన అట్టి యంత్రములు అనేకము ఒక్కుమ్మడిగా, వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పు డిన్ అను అమెరికా సంస్థమీదకు ఉఱికినవి. ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు వంటి పేరుపొందిన సేవలు కొన్ని గంటలపాటు అనేకులకు అందకుండ పోయెను. మఱుసటి నెలలో దాని మాఱురూప మొకటి రౌటర్లలోని వేఱొక లోపమును పట్టుకొని వ్యాపింపబోగా, జర్మనీలో సుమారు 9 లక్షల ఖాతాదారులకు ఇంటర్నెట్టు నిలిచిపోయెను. మిరాయ్‌ను తయారుచేసినవారు ఇరువది యేండ్ల ప్రాయపు యువకులు ముగ్గురు. 2017లో అమెరికా న్యాయస్థానమున తమ నేరమును అంగీకరించిరి.

ఈ కథలో గమనింపదగినది యొకటి కలదు. ఆ లక్షల యిండ్లవారికి తమ యింటి యంత్రము పరులపై దాడి చేయుచున్నదని తెలియదు. దీపములు ఎప్పటివలెనే మిణుకుమనుచుండెను. వీధి తలుపు పగులగొట్టినచో చప్పుడగును. ఈ వాకిలి చప్పుడు లేకయే తెఱచుకొనును.

ఇక ఆ రెండవ తాళపుచెవిని చేతబట్టు విధమును చూతము. ఇది ఇంటి పెద్దల అనుమతితో, వారు ప్రక్కనుండగా చేయవలసిన పని. ముందుగా రౌటరును త్రిప్పి అడుగుభాగమును చూడవలెను. అచ్చట అంటించిన చీటీమీద దాని చిరునామా, పేరు, పాస్‌వర్డు అచ్చువేసియుండును. చిరునామా సామాన్యముగా 192.168.1.1 గాని, 192.168.0.1 గాని యగును. చీటీ చెఱిగిపోయినచో దిగులుపడ నక్కఱలేదు. పెక్కు ఫోనులలో వైఫై వివరములను తెఱచినచో గేట్‌వే అను మాటకు ఎదురుగ ఉన్న సంఖ్యయే అది.

పిమ్మట కంప్యూటరునో ఫోనునో ఆ యింటి వైఫైకి కలిపి, బ్రౌజరును తెఱచి, పైభాగమున వెబ్‌సైటు పేరు వ్రాయు చోట ఈ అంకెలను చుక్కలతో సహా టైపు చేయవలెను. గూగులు వెదకు పెట్టెలో వ్రాసినచో సంబంధము లేని పుటలు వచ్చును. పెక్కుమంది పొరపడునది ఇచ్చటనే. అంకెలు సరిగా వ్రాసినచో పేరును పాస్‌వర్డును అడుగు పుట ప్రత్యక్షమగును. ఇది దూరదేశమునుండి వచ్చిన పుట కాదు. ఆ చిన్నపెట్టెలోనే యున్నది. కావుననే వీధిలో తీగ తెగి ఇంటర్నెట్టు పూర్తిగా నిలిచిపోయినను ఈ పుట తెఱచుకొనును. ఈ కనెక్షను సురక్షితము కాదని బ్రౌజరు ఒకప్పుడు హెచ్చరించును. రౌటరు పుటలు తఱచుగా గుప్తలిపి లేకుండ వచ్చుటయో, గుప్తలిపి యున్నను దానికి బయటివారి ధ్రువపత్రము లేకుండుటయో దానికి కారణము. అంకెలు సరియైనవని, కలిసియున్నది తమ యింటి వైఫైకే యని మఱల చూచుకొని ముందుకు పోవచ్చును.

చీటీమీది పేరు, పాస్‌వర్డు వ్రాసి లాగిన్ అను బొత్తామును నొక్కినచో లోపలి గదులు కనబడును. కొన్ని చోట్ల ఇంటర్నెట్టు ఇచ్చు సంస్థవారే ఆ పాస్‌వర్డును మార్చియుందురు. అట్టియెడల సంస్థ కార్యాలయమునకు ఫోను చేసి అడుగవలెను. ఖాతాదారునకు కొంత అధికారమును మాత్రమే ఇచ్చి, మిగిలినది తమయొద్దనే ఉంచుకొను సంస్థలును కలవు. ఎంత లభించునో అంతవఱకైనను తన చేతిలోనికి తెచ్చుకొనుట ఖాతాదారుని బాధ్యత.

లోనికి పోయిన వెంటనే కనబడిన మీటనెల్ల నొక్కరాదు. ఒక నోటుపుస్తకములో నాటి తేదీ వేసి, ఉన్నవి ఉన్నట్లుగా ముఖ్యమైన వివరములను వ్రాసికొనవలెను. పిమ్మట ఒక్కొక్క మార్పును చేసి, భద్రపఱచి, అది పనిచేయుచున్నదని చూచిన తరువాతనే వేఱొకదానికి పోవలెను. ఒకేసారి పది మార్చినవానికి ఏది చెడినదో తెలియదు.

మొట్టమొదట మార్చవలసినది అడ్మిన్ పాస్‌వర్డే. తక్కిన తలుపులెన్ని వేసినను ఇది పాతదై యున్నచో ప్రయోజనము లేదు. రెండవది వైఫై పేరు. ఇంటిపేరు, డోరు నంబరు, రౌటరు తయారీదారు పేరు అందు ఉండకుండుట మేలు. దారిన పోవువారికందఱకును ఆ పేరు కనబడుచుండును. మూడవది వైఫై పాస్‌వర్డు. దీనియొక్క బలమును చిన్న లెక్కవలన తెలిసికొనవచ్చును. ఎనిమిది అంకెలతో పాస్‌వర్డు పెట్టినచో సాధ్యమగు సంఖ్యలు 10 కోట్లు. సెకనుకు లక్ష సంఖ్యలను సరిచూచు యంత్రము వానినన్నిటిని 17 నిమిషములలోపల ముగించును. తోచినట్లుగా ఏరిన 12 ఆంగ్ల చిన్నక్షరములు పెట్టినచో, అదే యంత్రమునకు అన్నియు చూచుటకు 30 వేల ఏండ్లకు పైగా పట్టును. పుట్టినతేదీ, ఫోను నంబరు, పిల్లల పేరు మొదలగువానిని ఊహించుటకు యంత్రము కూడ అక్కఱలేదు. ఒకదానికొకటి సంబంధము లేని నాలుగైదు తెలుగుమాటలను ఆంగ్లలిపిలో కలిపి వ్రాసినచో ఇంటివారికి జ్ఞాపకముండును, పరులకు తట్టదు.

పాస్‌వర్డు ప్రక్కనే భద్రతా విధానమును ఎన్నుకొను చోటు కలదు. 1997లో వచ్చిన డబ్ల్యు.ఇ.పి. అను తొలి విధానమును ఛేదింపవచ్చునని 2001లో పరిశోధకులు నిరూపించిరి. తరువాత 2003లో డబ్ల్యు.పి.ఎ., 2004లో దాని రెండవ రూపము, 2018లో మూడవ రూపము వచ్చినవి. రెండవదానిలో ఒక బలహీనత కలదు. ఫోనును రౌటరును ఒకదానినొకటి పలుకరించుకొను వేళ ఆ పలుకరింపును ఆకాశమునుండి పట్టుకొన్నవాడు తన యింటికి పోయి, తీరికగా ఊహలను సరిచూచుకొనవచ్చును. పైని చెప్పిన లెక్క అట్టివానిని గుఱించినదే. మూడవ రూపము ఆ మార్గమును మూసివేసినది. రౌటరులో అది యున్నచో దానినే ఎన్నుకొనవలెను. పాత ఫోనులు దానికి కలియనిచో రెండవ రూపమును పొడుగైన పాస్‌వర్డుతో వాడవలెను. డబ్ల్యు.ఇ.పి.ని ఎన్నడును వాడరాదు.

డబ్ల్యు.పి.ఎస్. అను సౌకర్యమొకటి అనేక రౌటర్లలో నుండును. పొడుగైన పాస్‌వర్డునకు బదులు ఎనిమిది అంకెల పిన్ నంబరుతో వైఫైకి కలియుట దీని ఉద్దేశము. ఎనిమిది అంకెలకు 10 కోట్ల సంఖ్యలుండవలెను గదా. కాని ఈ పద్ధతిలో రౌటరు ఆ నంబరును రెండు సగములుగా విడివిడిగ సరిచూచును. అదియును గాక ఎనిమిదవ అంకె తక్కిన ఏడింటినుండి లెక్కకట్టి పెట్టినది. కావున ఊహింపవలసినవి మొదటి సగమునకు పదివేలు, రెండవ సగమునకు వేయి. మొత్తము 11 వేలు మాత్రమే. ఈ లోపము 2011వ సంవత్సరాంతమున బయటపడెను. బలమైన తలుపు ప్రక్కన చిన్న కిటికీని తెఱచియుంచినట్టి ఈ సౌకర్యమును మూసివేయుట ఉత్తమము.

బయటి లోకమునుండి రౌటరును శాసించు వీలును రిమోట్ మేనేజ్‌మెంట్ అందురు. సామాన్యగృహమునకు దానితో పని లేదు, తెఱచియున్నచో మూయవలెను. అట్లే రౌటరులోని ప్రోగ్రామును ఫర్మ్‌వేరు అందురు. దానిలో లోపములు బయటపడినప్పుడు తయారీదారులు సవరణలను పంపుచుందురు. ఆ సవరణలు వచ్చినవో లేవో అప్పుడప్పుడు చూచి ఎక్కింపవలెను. ఎక్కుచున్న వేళ ప్లగ్గు తీయరాదు. కరెంటు పోవు వేళలలో ఆ పనికి పూనుకొనరాదు. సగములో ఆగినచో పెట్టె పనికిరాకుండ పోవచ్చును.

చుట్టపక్కములకై గెస్ట్ నెట్‌వర్కు అను వేఱొక వైఫైని ఏర్పఱచు సౌకర్యము కొన్ని రౌటర్లలో కలదు. అతిథులను వసారాలో కూర్చుండబెట్టి మర్యాద చేసినట్లు, దానిలో కలిసినవారికి ఇంటర్నెట్టు అందును గాని ఇంటిలోని కంప్యూటర్లు కెమేరాలు అందవు. లోపల కలిసియున్న యంత్రముల జాబితా కూడ ఒక పుటలో కనబడును. నెలకొకమాఱు దానిని చూచి, ఇంటిలోని ఫోనులు మొదలగువానితో లెక్క సరిచూచుకొనవలెను. అయిదు యంత్రములున్న యింట ఏడు కనబడినచో, ముందుగా మఱచిపోయిన పాత ఫోనేమైన నున్నదేమో వెదకి, లేనిచో పాస్‌వర్డును మార్చవలెను.

వైఫై పాస్‌వర్డును మార్చిన క్షణముననే ఇంటిలోని ఫోనులు, టీవీ అన్నియు విడిపోవును. తెలియనివారు పిల్లలు పెట్టెను చెడగొట్టిరని కోపపడుదురు. అది చెడుట కాదు. తాళము మాఱినది కనుక ప్రతివారికి క్రొత్త తాళపుచెవి ఇయ్యవలెను. ఒక్కొక్క యంత్రములోను క్రొత్త పాస్‌వర్డును వ్రాసినచో అన్నియు ఎప్పటివలె పనిచేయును. ఈ సంగతిని ఇంటిలో ముందుగనే చెప్పుట వివేకము. క్రొత్త పాస్‌వర్డులు రెంటిని కాగితముమీద వ్రాసి, రేషను కార్డు, ఇంటిపన్ను రసీదులు దాచు పెట్టెలో ఉంచవలెను. దూరదేశమున కూర్చుండి తలుపు తట్టువాడు ఆ పెట్టెను తెఱువలేడు.

అడ్మిన్ పాస్‌వర్డును మఱచినవారికి కడపటి యుపాయమొకటి కలదు. రౌటరు వెనుక రీసెట్ అను చిన్న రంధ్రముండును. అందులో పిన్నీసు మొనతో సుమారు పది సెకనులు నొక్కిపట్టినచో పెట్టె కర్మాగారమునుండి వచ్చిననాటి స్థితికి పోవును. కాని ఇంటర్నెట్టు సంస్థవారు పెట్టిన వివరములు కూడ చెఱిగిపోవచ్చును. అప్పుడు వారు వచ్చి మఱల సరిచేయువఱకు ఇంటర్నెట్టు రాదు. కావున ఈ యుపాయమును తొందరపడి వాడరాదు.

ఈ జాగ్రత్తలన్నియు ఒక గంటలో ముగియును. పేరు పాస్‌వర్డు అందఱకును ఒక్కటే పెట్టి యంత్రములను అమ్ముట తప్పని ప్రభుత్వములు కూడ గుర్తించినవి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2020 జనవరి 1 నుండి, బ్రిటను 2024 ఏప్రిలు 29 నుండి ఈ విషయమున చట్టములను అమలుచేయుచున్నవి. అయినను ఇదివఱకే ఇండ్లకు చేరిన పాత పెట్టెల తలుపులను ఏ చట్టమును వచ్చి వేయజాలదు. అది ఇంటివారే చేసికొనవలసిన పని.

ఈ విద్య నేర్చినవారు మఱువరానిది మఱొకటి కలదు. పొరుగింటి తలుపు తెఱచియున్నంతమాత్రమున లోనికి పోవుట మర్యాద కానట్లే, పరుల రౌటరులో అనుమతి లేక ప్రవేశించుట మర్యాద కాదు. మన దేశములో 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము అది శిక్షింపదగిన నేరము కూడ. పొరుగువారి పాస్‌వర్డు పాతదని తెలిసినచో వారికి చెప్పి, వారు కోరినచో సాయపడుట సజ్జనుల పద్ధతి.

అనేక గృహములలో నేడు ఈ పెట్టె సంగతి పెద్దలకంటె పిల్లలకే ఎక్కువగ తెలియును. వీధి తలుపు గడియ వేయు భారము పెద్దలది. ఈ రెండవ వాకిలి భారము కొంతవఱకు పిల్లలమీద పడినది. దానిని గౌరవముగా స్వీకరింపవలెను. దొంగలు పడిన ఆఱు నెలలకు కుక్కలు మొఱిగినట్లు కీడు జరిగిన పిమ్మట చింతించుటకంటె, ఒక ఆదివారము మధ్యాహ్నము తండ్రినో తల్లినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పెట్టెను త్రిప్పి, అడుగున అంటించిన ఆ చిన్న చీటీని చదువుట మంచిది. రెండవ తాళపుచెవి మొదట దొరకు చోటు అదియే.